ఐదు లీటర్ల జమ్‌జమ్

పాతబస్తీలో హజ్ చేసి వచ్చిన మనిషి ఇంటికి గల్లీ గల్లీ అంతా వస్తుంది. హాజీ సాబ్ చేతులు పట్టుకుని దువా చేయించుకోడానికి, రెండు ఖజూర్లు, ఇన్ని జమ్‌జమ్ నీళ్లు తీసుకోడానికి. చిన్న కప్పుల్లో పోసిన ఆ నీళ్లని ఖిబ్లా దిక్కు తిరిగి, నిలబడి, బిస్మిల్లా అని తాగుతారు. కొంచెం సీసాలో దాచిపెడతారు. ఇంట్లో ఎవరికైనా ఆఖరి ఘడియ వస్తే నోట్లో నాలుగు చుక్కలు పోయాలి. కొందరు ముసలమ్మలు తమ కఫన్ బట్టని మక్కాలోనే ఆ నీళ్లలో తడిపి, ఆరబెట్టి తెచ్చుకుని పెట్టె అడుగున దాచుకుంటారు. విమానాశ్రయంలో మాత్రం అది ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా. ఒక ద్రవ పదార్థం.

ఆ నీళ్ల కథ చాలామంది తెలుగు పాఠకులకు తెలియకపోవచ్చు. ఎడారిలో పసిబిడ్డతో ఒంటరిగా మిగిలిపోయిన తల్లి హాజిరా. బిడ్డ ఇస్మాయిల్ దాహంతో ఏడుస్తుంటే నీళ్ల కోసం సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు పరుగెత్తింది. చివరికి బిడ్డ దగ్గరే ఊట పుట్టింది. కాబా పక్కనున్న జమ్‌జమ్ బావి అదేనని మా విశ్వాసం. హజ్‌కి పోయినవాడు నవాబైనా, రిక్షా తొక్కేవాడైనా ఆ తల్లి తిరిగిన దారిలో ఏడుసార్లు తిరగాల్సిందే.

హైదరాబాదుకి ఆ నీళ్లతో సంబంధం పాతది. నిజాంల కాలంలోనే ఇక్కడి యాత్రికుల కోసం మక్కా, మదీనాల్లో రుబాత్‌లు, అంటే వసతి ఇళ్లు, ఏర్పాటయ్యాయి. రైల్లో బొంబాయి, అక్కణ్ణుంచి మొగల్ లైన్ ఓడలో జిద్దా. తిరిగొచ్చేటప్పుడు టంకం వేసి మూసిన రేకు డబ్బాల్లో జమ్‌జమ్. ఆ పాత్రకి జమ్‌జమీ అని పేరే ఉంది. మన హిందూ ఇరుగుపొరుగు కాశీ నుంచి తెచ్చే గంగ చెంబుకీ టంకమే వేస్తారు. ప్రాణం పోయేవాళ్ల నోట్లో ఆ నీళ్లూ పోస్తారు. మతాలు వేరైనా ఈ ఒక్క పనిలో మా ఇళ్లూ మీ ఇళ్లూ ఒకటే.

1995తో హజ్ ఓడలు ఆగిపోయాయి. ప్రయాణమంతా విమానం మీదికి మారింది. ఓడలో ఎవరూ పట్టించుకోని డబ్బా విమానంలో కిలోల లెక్కలోకి వచ్చింది. అది బరువు గొడవ. పదకొండేళ్ల తరవాత దానికి అనుమానం తోడైంది.

2006 ఆగస్టు 10న బ్రిటన్ పోలీసులు ఒక కుట్రని బయటపెట్టారు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చేసిన ద్రవ పేలుడు పదార్థాన్ని కూల్‌డ్రింకు సీసాల్లో నింపి, అమెరికా వైపు పోయే విమానాల్ని గాలిలోనే పేల్చాలన్న పథకం. ఆ రోజు నుంచే చేతి సంచుల్లో ద్రవాలు బందయ్యాయి. కొన్ని నెలల్లో అది వంద మిల్లీలీటర్ల నియమంగా స్థిరపడి, మన దేశపు అంతర్జాతీయ విమానాల దాకా వచ్చింది. కారణం సాదాసీదా. నీళ్లకీ పెరాక్సైడ్‌కీ రంగు లేదు. అప్పటి ఎక్స్‌రే యంత్రానికి ఆ రెంటికీ తేడా తెలియదు.

ఆ కుట్ర చేసినవాళ్లు ముస్లింలే. దాచాల్సిన పనిలేదు. కాని సీసాలో బాంబు వాళ్లతో మొదలు కాలేదు. 1987 నవంబరు 29న దక్షిణ కొరియా విమానాన్ని ఉత్తర కొరియా ఏజెంట్లు పేల్చినప్పుడు వాడిన దాంట్లో సారా సీసాలో పోసిన ద్రవ పేలుడు పదార్థం ఉంది. 115 మంది చనిపోయారు. ఆ హంతకుల మతం ఏమిటని లోకంలో ఎవరూ అడగలేదు.

నియమం పుట్టిన తరవాత అందరి సీసా మీదా పడింది. అమెరికాలో కొడుకు దగ్గరికి పోయే తెనాలి తల్లి ఆవకాయనీ, దుబాయి పోయే యాకుత్‌పురా కుర్రాడి నెయ్యి డబ్బానీ ఒకే బల్ల దగ్గర ఆపేస్తారు. చార్మినార్ దగ్గర కొన్న తులం అత్తరు సీసా వంద మిల్లీలీటర్లలోపే కాబట్టి దాటిపోతుంది. ఇందులో మాకు ఫిర్యాదు లేదు. కొలత అందరికీ ఒకటే అయినప్పుడు దాన్ని పాటించడం అవమానం కాదు. మా భయం కొలత గురించి కాదు, కొలిచే కళ్ల గురించి.

ఆ భయం ఊరికే రాలేదు. 2007 మే 18, శుక్రవారం నమాజు వేళ మక్కా మసీదులో, జనం వజూ చేసుకునే చోటికి దగ్గర్లో బాంబు పేలింది. తొమ్మిది మంది పోయారు. ఆ తరవాత పోలీసు కాల్పుల్లో మరో ఐదుగురు. చచ్చిందీ మేమే, అనుమానితులమూ మేమే. ఆ రోజుల్లో పట్టుకుపోయిన పాతబస్తీ పోరగాళ్లని తరవాత కోర్టు నిర్దోషులని వదిలేసింది. పోయిన చదువులు, ఉద్యోగాలు మాత్రం తిరిగి రాలేదు. ఇట్లాంటి బస్తీ నుంచి బయల్దేరిన మనిషి, డబ్బా తెరవమని అధికారి అడిగితే తెరుస్తాడు. గొంతులో తడి మాత్రం ఆరిపోతుంది.

2019లో మరో దెబ్బ. ఇది భద్రత పేరుతో కాదు, జాగా పేరుతో. విమానాలు మారుతున్నాయి, సీట్లు తక్కువ, కాబట్టి జిద్దా–హైదరాబాద్–ముంబయి, జిద్దా–కొచ్చి సర్వీసుల్లో సెప్టెంబరు 15 దాకా జమ్‌జమ్ డబ్బాలు తేవద్దని జిద్దాలోని ఎయిరిండియా కార్యాలయం జూలై 4న నోటీసు పెట్టింది. సరిగ్గా హజ్ ముందు. 2022లో టాటాల చేతికి పోయింది గాని, అప్పటికి అది ప్రభుత్వ సంస్థే. అదే ప్రభుత్వపు తపాలా శాఖ 2016 నుంచి గంగాజలం సీసాల్ని ఇంటింటికీ చేరుస్తోంది. చేర్చనీండి, మాకు సంతోషమే. కాని ఒక నీళ్లని మోసుకుపోవడం సేవ అయినప్పుడు, ఇంకో నీళ్లని మోయడం భారమెట్లా అయింది?

నిరసన వచ్చింది. జూలై 9న సంస్థ విచారం తెలిపి, అనుమతించిన సామాను పరిమితిలో జమ్‌జమ్ తెచ్చుకోవచ్చని చెప్పింది. కొందరు దీన్ని దయ అనుకున్నారు, షుక్రియా చెప్పారు. నాకు ఆ మాట నచ్చలేదు. పరిమితిలో తెచ్చుకునే సామాను టికెట్ కొన్నవాడి హక్కు. అందులో చీరలున్నాయా, నీళ్లున్నాయా అన్నది తరవాతి మాట. హక్కుని దయగా తీసుకోవడం మాకు చాలాకాలంగా అలవాటు చేశారు. ఈసారి దయగా పుచ్చుకున్నది మరోసారి కోపమొస్తే లాక్కోవచ్చు.

ఇప్పుడు యంత్రాలు మారుతున్నాయి. సీసాలో ఏముందో లోపలి దాకా చూసే స్కానర్లు రావడంతో 2025లో ఎడిన్‌బరో విమానాశ్రయం రెండు లీటర్ల దాకా ద్రవాల్ని చేతి సంచిలో అనుమతించింది. అంటే నీళ్లని నీళ్లుగా గుర్తుపట్టడం సాధ్యమే.

మేము అడిగేది మినహాయింపు కాదు. డబ్బా తూకం వేయండి, స్కానర్‌లో పెట్టండి, చేతి సంచిలో వద్దంటే కింద సామానులో వేస్తాం. ఎన్ని లీటర్లు, ఎట్లా కట్టాలి అన్నది ప్రయాణానికి ముందే అందరికీ కనపడేట్టు రాసి పెట్టండి. రాసిన దాన్ని మేము పాటిస్తాం, మీరూ పాటించండి. డబ్బా పట్టుకున్న మనిషి గడ్డం చూసి, బురఖా చూసి, పాస్‌పోర్టు మీది పేరు చూసి కొత్త నియమం మాత్రం పుట్టించొద్దు.