మనాల్ పేరు, మరికొందరి పేర్లు

1990 ఆగస్టు 2న సద్దాం హుసేన్ సేనలు కువైట్‌లో దిగాయి. కువైట్ సరిహద్దుకు వంద కిలోమీటర్ల లోపే ఉంటుంది సౌదీ పట్టణం హఫర్ అల్ బాతిన్. ప్రాణాలు అరచేత పట్టుకుని బయల్దేరిన కార్లలో కొన్ని ఆ దారి పట్టాయి. వెనక సీట్లో పిల్లలు, డిక్కీలో చేతికందిన సామాను, స్టీరింగ్ దగ్గర ఆడవాళ్లు. కువైట్‌లో ఆడవాళ్లు కారు నడపడం వింతేమీ కాదు. సరిహద్దు ఇవతల మాత్రం ఊళ్లకు ఊళ్లు ఎప్పుడూ చూడని దృశ్యం అది. కొన్ని వారాలు గడిచేసరికి ఆ ఊరి పక్కనున్న కింగ్ ఖాలిద్ మిలిటరీ సిటీ అమెరికా సేనలతో నిండిపోయింది. ఆ సైనికుల్లో ట్రక్కులు తోలే ఆడవాళ్లూ ఉన్నారు.

సౌదీ ఎడారి పల్లెల్లో బెదూయిన్ ఆడవాళ్లు మందలకు నీళ్లు చేరవేసే పికప్‌లు అప్పటికే నడిపేవారు. వాళ్ల జోలికి ఎవరూ వెళ్లేవారు కాదు. ఆంక్షంతా పట్నంలో, తారురోడ్డు మీద. అదీ చట్టంలో రాసి ఉన్న ఆంక్ష కాదు. ఆడవాళ్లకు లైసెన్స్ ఇచ్చేవారు కాదు, అంతే.

యుద్ధం తెచ్చిన ఆ దృశ్యం వృథాగా పోలేదు. 1990 నవంబర్ 6న రియాద్‌లో 47 మంది ఆడవాళ్లు కార్లెక్కారు. వాళ్లలో ప్రొఫెసర్లున్నారు, టీచర్లున్నారు. పోలీసులు ఆపి, మగ బంధువులతో హామీపత్రాలు రాయించుకుని వదిలేశారు. అసలు శిక్ష తర్వాత మొదలైంది. ఉద్యోగాల నుంచి తప్పించారు. పాస్‌పోర్టులు లాక్కున్నారు. వాళ్ల పేర్లు అచ్చేసి, పేర్ల పక్కన నోటితో అనలేని మాటలు చేర్చి కరపత్రాలు పంచారు. ఆడదాని పేరు బజారున పడితే ఆమె పని అయిపోయినట్టేనన్నది ఆ పంచినవాళ్ల లెక్క. ఇరవై ఏళ్ల పాటు ఆ లెక్క తప్పలేదు.

దాన్ని తారుమారు చేసింది సౌదీ తూర్పు ప్రాంతంలో పనిచేసే ఒక ఉద్యోగిని. హఫర్ అల్ బాతిన్ ఆ ప్రాంతానికి ఉత్తరపు కొస అయితే, అల్ ఖోబర్, దహ్రాన్, దమ్మామ్ సముద్రం ఒడ్డున ఉన్న చమురు పట్టణాలు. మనాల్ అల్ షరీఫ్ ఉద్యోగం దహ్రాన్‌లోని చమురు కంపెనీ ఆరామ్‌కోలో, కంప్యూటర్ భద్రతా విభాగంలో. మక్కాలో టాక్సీ నడిపే తండ్రికి పుట్టిన పిల్ల. 2011 నాటికి 32 ఏళ్లు, విడాకులు అయ్యాయి, ఐదేళ్ల కొడుకు ఉన్నాడు. ఆఫీసు పని మీద అమెరికాలో ఉన్నప్పుడు న్యూ హాంప్‌షైర్‌లో డ్రైవింగ్ లైసెన్స్ తీసుకుంది. స్వదేశంలో అది చెల్లని కాగితం.

ఆ మే నెలలో ఒక సాయంత్రం ఖోబర్‌లో డాక్టర్ దగ్గర నుంచి బయటికొచ్చింది. టాక్సీ దొరకలేదు. నడక మొదలుపెట్టింది. ఒక కారు వెంటబడింది, ఎంతకీ వదలలేదు. చివరికి రాయి తీసి ఆ కారు మీదకి విసిరింది. ఆ రాత్రి ఏడుస్తూ ఇల్లు చేరింది. ట్రాఫిక్ నిబంధనల పుస్తకం తిరగేస్తే ఆడవాళ్లు నడపకూడదన్న వాక్యం ఎక్కడా కనపడలేదు. ఫేస్‌బుక్‌లో పిలుపు తయారైంది: జూన్ 17, శుక్రవారం, విదేశీ లైసెన్సున్న ఆడవాళ్లు ఎవరి కారు వాళ్లు నడపాలి. గుంపుగా చేరొద్దు, ఊరేగింపు వద్దు, ట్రాఫిక్ రూల్స్ తప్పొద్దు.

మే 19న వీడియో తీశారు. తీసింది వజీహా అల్ హువైదర్, ఆడవాళ్ల హక్కుల కోసం అప్పటికే ఎన్నోసార్లు దెబ్బలు తిన్న మనిషి. నల్ల హిజాబ్, చలవ కళ్లద్దాలు పెట్టుకున్న ఒక యువతి ఖోబర్ వీధుల్లో తాపీగా కారు నడుపుతూ, పక్కసీట్లో కెమెరా పట్టుకున్న స్నేహితురాలితో కబుర్లు చెబుతుంది. వీడియో మొత్తం ఇంతే. యూట్యూబ్‌లో పెట్టిన ఒక్క రోజులోనే ఏడు లక్షల మందికి పైగా చూశారని మనాల్ తర్వాత చెప్పింది. మే 21న మళ్లీ నడిపింది, ఈసారి పక్కన సొంత సోదరుణ్ని కూర్చోబెట్టుకుని. ట్రాఫిక్ పోలీసులు ఆపారు. మతపోలీసులూ వచ్చారు. కొన్ని గంటలు కూర్చోబెట్టి, సంతకం చేయించుకుని పంపేశారు.

అక్కడితో అయిపోయిందనుకున్నారు.

రాత్రి రెండు గంటలకు తలుపు చప్పుడైంది. కొడుకు నిద్రలో ఉన్నాడు. బయట నిలబడ్డవాళ్ల చేతిలో వారంటు లేదు. స్టేషన్‌కి రావాలన్నారు. ఆ కొద్దిసేపట్లో జరిగిన ఒక చిన్న పనే ఈ కథను మలుపు తిప్పిందని నా అభిప్రాయం. ఇంటి బయట ఉన్న సానుభూతిపరుడొకడు జరుగుతున్నదంతా అప్పటికప్పుడు ట్విట్టర్‌లో పెడుతూ పోయాడు. తెల్లారేసరికి సౌదీలో మేలుకుని ఉన్నవాళ్లందరికీ మనాల్‌ని పట్టుకెళ్లారని తెలిసిపోయింది. ఎవరికీ తెలియకుండా మాయమవ్వాల్సిన మనిషి, అందరూ చూస్తుండగా మాయమైంది. ఈ రెంటికీ జైల్లో చాలా తేడా ఉంటుంది. పోలీస్ స్టేషన్ గుమ్మం దగ్గర పడిగాపులు కాసిన ఏ కుటుంబాన్నడిగినా చెబుతారు.

దమ్మామ్ ఆడవాళ్ల జైలు. బొద్దింకలు పాకే ఇరుకు గది, దాని నిండా మనుషులు. లోపలున్న మనాల్‌కి బయటి సంగతి తెలిసే దారి లేదు. బయట ఏం జరుగుతోందో చూద్దాం. పిలుపు ఇచ్చిన అసలు పేజీ ఇంటర్నెట్ నుంచి మాయమైంది. వీడియోనూ తీసేశారు. ముక్కూ ముఖం తెలియనివాళ్లు దాని కాపీలు మళ్లీ ఎక్కించారు. ఆమె రాసిన సూచనలను బ్లాగర్లు తిరగరాసి పెట్టారు. 'మనమంతా మనాల్ అల్ షరీఫ్' అని కొత్త పేజీ లేచింది. రాజుగారికి పంపే విన్నపం మీద వేల సంతకాలు పడ్డాయి. అవతలి పక్షమూ చేతులు కట్టుకు కూర్చోలేదు. జూన్ 17న కారెక్కిన ఆడదాన్ని తలగుడ్డ మీద కట్టే ఇకాల్ తాడుతో కొట్టండంటూ మగవాళ్లు ఇంకో పేజీ తెరిచారు. దానికీ వేలల్లో మద్దతు. మనాల్ కుప్పకూలి ఏడ్చిందని, విదేశీ శక్తులే రెచ్చగొట్టాయని ఒప్పుకుందని స్థానిక పత్రికలు రాశాయి. ఆ వార్తలు చదివి ఎందరు నమ్మారో గానీ, సంతకాలు మాత్రం ఆగలేదు.

కూతురి కోసం ఆ టాక్సీ డ్రైవర్ తండ్రి రాజు అబ్దుల్లాకు మొర పెట్టుకున్నాడు. మే 30న వదిలారు. మళ్లీ కారు నడపకూడదు, పత్రికలతో మాట్లాడకూడదు, పిలిచినప్పుడు విచారణకు రావాలి. తొమ్మిది రోజుల జైలు అలా ముగిసింది. తండ్రి మొర పనిచేసిందా, లోకం చూస్తోందన్న ఇబ్బంది పనిచేసిందా? రెండూ కలిసి పనిచేశాయని నాకనిపిస్తుంది. పాలకుడికి దయ చూపించే అవకాశం తండ్రి ఇచ్చాడు. చూపించక తప్పని అవసరం ఆ సంతకాలు కల్పించాయి.

ఇక్కడ మనవాళ్ల సంగతి చెప్పుకోవాలి. ఆడవాళ్లు కారు నడపకూడదన్న ఆంక్ష వల్ల లక్షల కొలువులు పుట్టాయి. భర్త ఆఫీసుకు వెళ్తే భార్యను బడికి, బజారుకు, ఆసుపత్రికి తీసుకెళ్లడానికి పరాయి దేశం నుంచి డ్రైవర్ కావాల్సి వచ్చేది. 'హౌస్ డ్రైవర్' వీసా అనే మాట కరీంనగర్, నిజామాబాద్, కడప పల్లెల్లో తెలియని ఇల్లు ఉండదు. జీతంలో మూడో వంతు డ్రైవర్‌కే పోతోందని సౌదీ ఉద్యోగినులు వాపోయేవారు. ఆ మూడో వంతే ఇక్కడ ఎవరింటికో అప్పు తీర్చిన సొమ్ము, ఎవరి చెల్లెలికో చేసిన పెళ్లి. సౌదీ ఆడవాళ్ల ఆ పోరాటం మన డ్రైవరన్నల పొట్ట మీదకే వచ్చిందని ఎవరైనా అంటే ఒప్పుకోను గానీ, నవ్వి తీసిపారెయ్యను కూడా. యజమానురాలు వెనక సీట్లో, కూలివాడు ముందు సీట్లో. ఇద్దరి కాగితాల మీదా ఇంకో మగవాడి సంతకం ఉండాల్సి వచ్చేది. ఆమెకు సంరక్షకుడు, ఇతనికి కఫీల్, అంటే వీసాకు పూచీ ఉండే యజమాని.

మనాల్‌కి ఈ పోలిక జైల్లో తెలిసొచ్చింది. దమ్మామ్ జైల్లో ఆమె చుట్టూ ఉన్నవాళ్లలో చాలామంది రాజకీయాలతో ఏ సంబంధమూ లేనివాళ్లు. ఇండోనేషియా నుంచి, ఫిలిప్పీన్స్ నుంచి ఇంటిపనికి వచ్చినవాళ్లు. మన గల్ఫ్ కుటుంబాల భాషలో ఖద్దామాలు. శిక్షాకాలం ఎప్పుడో అయిపోయింది. ఎవరికో చిన్న బాకీ ఉంది, కట్టే దిక్కు లేదు. ఇంటికి పోవడానికి టికెట్ లేదు. పనిలో పెట్టుకున్న ఇల్లు వాళ్ల మొహం చూడదు. అందుకని లోపలే ఉన్నారు. పత్రికలతో మాట్లాడనని సంతకం పెట్టి వచ్చిన మనాల్ ట్విట్టర్‌లో 'ఫరజ్' పేరుతో ఇంకో పిలుపు ఇచ్చింది. 22 మంది ఇండోనేషియా ఆడవాళ్ల సంగతి చెప్పింది. నలుగురి పేర్లు, ఒక్కొక్కరి బాకీ ఎంతో రాసింది. డబ్బు నాకు పంపొద్దు, నేరుగా జైలు అధికారికి కట్టి వాళ్లను విడిపించండని అడిగింది. తన కోసం మోగిన గంటనే ఇంకొకరి కోసం మోగించింది. మనాల్ గురించి రాసినవాళ్లలో చాలామంది ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటేస్తారు. ఆమె చేసిన పనులన్నిటిలో నాకు పెద్దదిగా కనిపించేది ఇదే. కారు నడిపినప్పుడు ఆమె తన హక్కు అడిగింది. ఈసారి అడిగింది ఎవరూ అడగని మనుషుల కోసం.

జూన్ 17 వచ్చింది. కొన్ని డజన్ల మంది ఆడవాళ్లు వేర్వేరు ఊళ్లలో కార్లు తీశారు. రియాద్‌లో మహా అల్ ఖహ్తానీకి లైసెన్స్ లేకుండా నడిపినందుకు చలానా రాశారు. చలానా వచ్చిందని ఎవరైనా సంబరపడతారా? ఆమె పడింది. ట్రాఫిక్ పోలీసు మొట్టమొదటిసారి ఒక ఆడమనిషిని డ్రైవర్‌గా గుర్తించినట్టయింది మరి. కొద్ది రోజుల్లోనే అమెరికా విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ ఆ ఆడవాళ్లు చేస్తున్నది సాహసమని మెచ్చుకుంది.

ఆడవాళ్లు కార్లు తీసిన మర్నాడే, జూన్ 18న, రుయాతి అనే 54 ఏళ్ల ఇండోనేషియా పనిమనిషికి సౌదీలో తల నరికి మరణశిక్ష అమలు చేశారు. యజమానురాలిని చంపిందన్నది నేరం. ఇంటికి పంపమంటే పంపలేదన్నది ఆమె వైపు కథ. తమకు ముందుగా చెప్పనేలేదని ఇండోనేషియా ప్రభుత్వం మండిపడింది, ఆగస్టు 1 నుంచి సౌదీకి పనిమనుషులను పంపడం ఆపేసింది. చలానా పడ్డ పేరు, తల పోయిన పేరు ఒక్క రోజు తేడాలో వార్తల్లోకొచ్చాయి. ఒకటి బతికుండగా వచ్చింది, రెండోది చచ్చాక.

తర్వాతి సంగతులు వేగంగా నడిచాయి. మనాల్ ఆరామ్‌కో ఉద్యోగం పోయింది, దేశమూ వదిలింది. 2017 సెప్టెంబర్ 26న రాజు సల్మాన్ ఆజ్ఞ వెలువడింది, 2018 జూన్ 24 నుంచి ఆడవాళ్లు కారు నడపొచ్చు అని. దానికి ఐదారు వారాల ముందు, మే 15 నుంచి, ఆ హక్కు కోసం కొట్లాడినవాళ్లనే పట్టుకుపోవడం మొదలైంది. లుజైన్ అల్ హత్‌లూల్, అజీజా అల్ యూసఫ్, ఈమాన్ అల్ నఫ్జాన్. వాళ్ల ఫొటోల మీద ద్రోహి అన్న ముద్ర గుద్ది ప్రచారంలో పెట్టారు. 1990 నాటి కరపత్రమే ఫోన్ తెర మీదకొచ్చిందన్నమాట. హక్కు ఇచ్చింది మేమే, మీరు అడిగితే వచ్చింది కాదు అని చెప్పడం ఆ అరెస్టుల ఉద్దేశమని చాలామంది అప్పుడే రాశారు. నాకూ ఇంకో కారణం తోచడం లేదు.

లుజైన్ 1001 రోజులు జైల్లో ఉంది. ఆమె కోసం తోబుట్టువులు లీనా, అలియా, వలీద్ విదేశాల నుంచి మాట్లాడారు. నోరు మూసుకుంటే మీ అమ్మాయికి మేలు జరుగుతుందని ఇలాంటి కుటుంబాలకు సలహా ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఈ తోబుట్టువులూ మొదట్లో కొన్ని నెలలు ఊరుకునే చూశారు. జైల్లో హింస పెట్టారని తెలిశాక బయటికి చెప్పారు. ప్రభుత్వం ఆ ఆరోపణను కొట్టేసింది. 2021 ఫిబ్రవరి 10న ఆమె బయటికొచ్చింది, దేశం దాటకూడదన్న షరతు మీద.

అప్పటికి ఆట మారిపోయింది. జైల్లో ఉన్నవాళ్ల పేరు ఎత్తడమే నేరమైంది. బ్రిటన్‌లో లీడ్స్ యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న సల్మా అల్ షెహాబ్, ఇద్దరు పిల్లల తల్లి, సెలవులకు ఇంటికొచ్చి 2021 జనవరిలో దొరికిపోయింది. చేసిందల్లా లుజైన్ లాంటి ఖైదీలను వదలాలన్న ట్వీట్లకు మద్దతు పలకడం. మొదట ఆరేళ్లు వేశారు. అప్పీలుకు వెళ్తే 2022 ఆగస్టులో అది 34 ఏళ్లయింది. ఆమె కోసం మళ్లీ ప్రపంచమంతా గోల. శిక్ష 27 ఏళ్లకు, తర్వాత నాలుగేళ్లకు దిగింది. 2025 ఫిబ్రవరిలో ఇల్లు చేరింది. ఈలోగా, ట్విట్టర్ కంపెనీలోనే కూర్చుని సౌదీ కోసం ఖాతాదారుల వివరాలు లాగిన మాజీ ఉద్యోగి ఒకణ్ని అమెరికా కోర్టు దోషిగా తేల్చింది. అదీ 2022 ఆగస్టులోనే. మనాల్ అంతకుముందే, 2018 అక్టోబర్‌లో, ఒక సభా వేదిక మీద నిలబడి తన ట్విట్టర్ ఖాతాను అందరూ చూస్తుండగా తీసేసింది. ఒకప్పుడు తనను కాపాడిన చోటే ఇప్పుడు ప్రాణానికి ముప్పు తెస్తోందని చెప్పింది.

అయినా పేర్లు పలకడం ఆగలేదు. ఫిట్‌నెస్ శిక్షకురాలు మనాహెల్ అల్ ఒతైబీకి 2024 జనవరి 9న 11 ఏళ్ల జైలు వేశారు. వేసుకున్న బట్టలు, మగవాళ్ల సంరక్షకత్వం పోవాలంటూ పెట్టిన పోస్టులు ఆమె మీద మోపిన నేరాలు. తీర్పు గుట్టుగా చెప్పారు. ఐక్యరాజ్యసమితి నిపుణుల ప్రశ్నకు సౌదీ ఇచ్చిన జవాబులో అది నెలల తర్వాత బయటపడింది. మనాహెల్ కోసం పోస్టులు పెడుతున్నది తోబుట్టువు ఫౌజియా, బ్రిటన్ నుంచి. ఆమె మీదా అవే అభియోగాలున్నాయి. 2022లో విచారణకు పిలుపు రాగానే దేశం దాటబట్టి కోర్టుకు దొరకలేదు.