దండెం మీది సాక్ష్యం: గృహహింసపై సామూహిక కళ ఎవరితో మాట్లాడాలి?

గృహహింస మీద వీధుల్లో, కూడళ్లలో ప్రదర్శించే కళను సమర్థించేవారు సాధారణంగా ‘అవగాహన కల్పించడం’ అన్న మాట దగ్గరే ఆగిపోతారు. ఎవరికి, దేని గురించి అవగాహన అన్నది తేల్చరు. దెబ్బలు తింటున్న స్త్రీకి ఆ సంగతి మరొకరు చెప్పనక్కర్లేదు. కొట్టేవాడికీ తెలుసు. గోడ అవతల వాళ్లకూ చాలాసార్లు తెలుసు. తెలిసీ ‘మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకు’ అని తలుపు వేసుకోవడం వల్లే ఈ హింస ఏళ్ల తరబడి సాగుతుంది. కాబట్టి ఇలాంటి కళ ముందుగా ఇరుగుపొరుగుతో మాట్లాడాలి. ఆ పనిని చనిపోయిన స్త్రీల లెక్క చూపే కళ కన్నా, బతికి ఉన్న బాధితులు తమ చేతులతో చేసే కళ బాగా చేయగలదని నా వాదన.

1990లో అమెరికాలో మొదలైన రెండు ప్రయత్నాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. మిన్నెసోటా రాష్ట్రంలో ఆ ఏడాది భర్తల, ప్రియుల, పరిచయస్థుల చేతుల్లో హతులైన 26 మంది స్త్రీలకు గుర్తుగా నిలువెత్తు చెక్క ఆకృతులను కోసి ఎర్రరంగు వేశారు. ఒక్కో బొమ్మ ఛాతీ మీద ఆమె కథ రాసిన పలక బిగించారు. లెక్కలోకి రాని హత్యల కోసం 27వ బొమ్మ నిలబెట్టారు. దీనికి ‘సైలెంట్ విట్‌నెస్’ అని పేరు. అదే ఏడాది అక్టోబరులో మసాచుసెట్స్‌లోని హయానిస్ ఊరి పచ్చికబయలులో తాళ్లు కట్టి 31 చొక్కాలు ఆరేశారు. ఇది ‘క్లోత్స్‌లైన్ ప్రాజెక్ట్’. హింసకు గురైన స్త్రీ తానే చొక్కా మీద రంగులతో, దారంతో, అక్షరాలతో చెప్పదలచుకున్నది చెబుతుంది. దెబ్బలు తిన్నవారిది పసుపు రంగు, అత్యాచారానికి గురైనవారిది ఎరుపు లేదా గులాబీ. చనిపోయినవారి కోసం వారి ఆత్మీయులు తెల్ల చొక్కా చేస్తారు. ఎర్ర బొమ్మల ముందు నిలబడ్డవాడు తల వంచుతాడు, దుఃఖిస్తాడు. కానీ ఆ స్త్రీ విషయంలో అతను చేయగలిగింది అప్పటికే దాటిపోయింది. ఇస్తాంబుల్‌లో వాహిత్ తూనా అనే కళాకారుడు 2019లో ఒక భవనం గోడకు అమర్చిన 440 జతల నల్లటి హైహీల్స్‌కూ ఇదే పరిమితి ఉంది. అవి 2018లో టర్కీలో పురుషులు చంపిన స్త్రీలకు గుర్తు. మరణాన్ని లెక్కించే కళ పాలకులను నిలదీయడానికి పనికొస్తుంది, దాన్ని తక్కువ చేయలేం. అయితే హత్య దాకా పోతేనే అది హింస అన్న భావాన్ని తెలియకుండానే బలపరిచే ప్రమాదం అందులో ఉంది. పసుపు చొక్కా చేసిన మనిషి మాత్రం బతికే ఉంది, అలాంటి మనిషి ఇదే ఊళ్లో, బహుశా ఇదే వీధిలోనూ ఉండవచ్చు. చూసేవారికి చేయాల్సిన పని ఇంకా మిగిలే ఉంది.

తెలుగు నేల మీద ఈ తేడా మరింత ముఖ్యం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 18–49 ఏళ్ల వివాహిత స్త్రీలలో భర్త హింసను అనుభవించినవారు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద శారీరక లేదా లైంగిక హింసకు గురైన స్త్రీలలో 77 శాతం ఎవరి సాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. అంతకన్నా కలవరపెట్టేది ఇంకొకటి. అత్తమామలను గౌరవించకపోవడం, ఇల్లూ పిల్లలనూ పట్టించుకోకపోవడం వంటి కారణాల్లో కనీసం ఒకదానికైనా భర్త కొట్టడం సబబే అన్న స్త్రీలు రెండు రాష్ట్రాల్లోనూ 84 శాతం దాకా ఉన్నారు. ఇది వారి సొంత నమ్మకం కాదనీ, లోకం ఏమంటుందో దాన్నే అప్పజెప్పారనీ అనుకున్నా ఫలితం మారదు, అక్కడ బలంగా ఉన్నది లోకం మాటే. 2005 నాటి గృహహింస చట్టం సెక్షన్లు గోడ మీద రాయిస్తే ఆ మాట మారదు. తమలాంటి మరో స్త్రీ తన చేతిరాతతో ‘ఇది సబబు కాదు’ అని నలుగురిలో చెబితే దాని మీద మొదటి బీట పడుతుంది.

బొమ్మలతో దెబ్బలు ఆగుతాయా అన్నది న్యాయమైన ఆక్షేపణ. దీనికి కొంత జవాబు ఉగాండాలో ఉంది. ఆ దేశ రాజధాని కంపాలాలో స్త్రీలపై హింసను తగ్గించే ‘సాసా’ కార్యక్రమాన్ని ఎనిమిది బస్తీల్లో, నాలుగింట అమలు చేసి నాలుగింట చేయకుండా పరిశీలించారు. బస్తీవాసులే నాటకాలు, పోస్టర్లు, చర్చలతో ఇరుగుపొరుగును కదిలించారు. 2012 నాటికి కార్యక్రమం జరిగిన బస్తీల్లో హింసను సమర్థించే స్త్రీలు స్పష్టంగా తగ్గారు, బాధితులకు చుట్టుపక్కల నుంచి ఆసరా పెరిగింది. భాగస్వామి శారీరక హింస 52 శాతం తక్కువగా నమోదైంది. ఆ చివరి రెండు ఫలితాలకు గణాంక నిశ్చయత చాలదు, ఫలితం ఒక్క కళదే అనీ చెప్పలేం. కానీ మారినట్టు కనిపించినవాటిలో ఇరుగుపొరుగు ప్రవర్తన ఉండటం నా వాదనకు కొంత ఆధారం. రెండో ఆక్షేపణ ఇంకా బరువైనది: చేతిరాత గుర్తుపట్టి ఇంట్లో మళ్లీ కొడితే? చిన్న ఊళ్లలో పేరు దాచినా మనిషి దాగదు. అందుకే ఒక మండలంలో చేసిన చొక్కాలను మరో మండలంలో ఆరేయాలి. పేర్లు, ఆనవాళ్లు ఉండకూడదు. ఇష్టం లేనివారిని ఎంత మంచి ఉద్దేశంతోనైనా ఒత్తిడి చేయకూడదు. ఈ జాగ్రత్తలు తీసుకోలేని సంస్థ ఈ పనికి పూనుకోకపోవడమే మేలు.

ఇంటి గుట్టు రచ్చకెక్కించడం మన సంస్కృతి కాదనేవారికి నెల్లూరు జిల్లా దూబగుంటలో పుట్టిన సారా వ్యతిరేక ఉద్యమమే సమాధానం. 1990ల మొదట్లో అక్షరాస్యతా తరగతుల్లో వాచకంలోని కథల మీద మొదలైన చర్చ ఆడవాళ్ల సొంత ఇళ్ల కథగా మారింది. సారా దుకాణం మూయించింది. 1993లో అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా నడిచింది. అక్కడ పనిచేసింది ఉపన్యాసం కాదు, గుంపులో కూర్చుని చెప్పుకున్న కథ. అయితే ఆ ఉద్యమం గెలిచాక తాగుడు గురించి మిగిలినంత చర్చ, తాగకుండానే పడే దెబ్బల గురించి మిగల్లేదు. ఆ వెలితి ఈనాటికీ ఉంది. ఊరూరా మహిళా సంఘాలున్నాయి, నెలనెలా సమావేశమవుతున్నాయి, జిల్లాల్లో బాధిత స్త్రీలకు సాయం చేసే సఖి కేంద్రాలు, 181 మహిళా హెల్ప్‌లైన్ ఉన్నాయి. గోడల మీద నినాదాలు రాయించే డబ్బులో కొంత ఈ సంఘాలకు గుడ్డ, రంగులు, దారం కొనడానికి ఇవ్వాలని, దండెం కట్టిన ప్రతిచోటా సఖి కేంద్రం ఉద్యోగి ఒకరు కూర్చునేలా చూడాలని రెండు రాష్ట్రాల మహిళా శిశు సంక్షేమ శాఖలకు నా విన్నపం.