కోరంగి రేవు నుంచి ఈ-వీసా వరకు

1843లో 'కోరింగా ప్యాకెట్' ఓడ కోరంగి రేవు నుంచి తెలుగు కూలీలను మారిషస్‌కు చేర్చింది. అక్కడ తెలుగువారిని 'కొరంగీ'లనడం ఆ రేవు వల్లనే. ఆనాటి కూలీ ప్రయాణ రుసుము చెల్లించలేదు. ఒప్పంద కాలపు శ్రమనే తాకట్టు పెట్టాడు. వలస చిట్టాలలో అతని పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ పేరు ఒక సంఖ్య కింద నమోదయ్యేవి.

2014 నవంబరు 27న భారత ప్రభుత్వం 43 దేశాల పౌరులకు ఆన్‌లైన్ పర్యాటక వీసా ప్రారంభించింది. ఆ సదుపాయం పొందిన తొలి తొమ్మిది విమానాశ్రయాలలో శంషాబాద్ ఒకటి. మొదట రుసుము 60 డాలర్లు. 2015 నవంబరు 3 నుంచి దేశాన్నిబట్టి సున్నా, 25, 48, 60 డాలర్లుగా మార్చారు. తెలుగు కూలీలు వెళ్లిన మారిషస్, ఫిజీలకు రుసుము సున్నా. దీనిని వలస చరిత్ర పట్ల కృతజ్ఞతగా భావించడం పొరపాటు; అర్జెంటీనా, ఉరుగ్వేలు కూడా అదే శ్రేణిలో ఉన్నాయి.

దరఖాస్తు తల్లిదండ్రుల జన్మస్థలం అడుగుతుంది. తాతల ప్రస్తావన మాత్రం పాకిస్తాన్‌తో సంబంధం తెలుసుకోవడానికే. కోరంగి అని రాయడానికి గడి లేదు. 2024 మార్చిలో మారిషస్‌లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఏడవ తరం భారతీయ సంతతికీ ఓసీఐ కార్డు అర్హత ప్రకటించారు. అందుకు పూర్వికుని ఆధారం చూపాలి. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్న ఆ పాత చిట్టాల సంఖ్యే ఇక్కడ అక్కరకు వస్తుంది.