దృశ్యయంత్రములకు తగిన తీగె



ఉదయగిరి దుర్గము నెరుగనివారు మన పశ్చిమ నెల్లూరు సీమలో నుండరు. నడుమ కోట, చుట్టును ప్రాకారములు, వెలుపల కొండయే మరియొక గోడ. శ్రీకృష్ణదేవరాయలంతటివాడు 1514లో దానిని పట్టుకొనుటకు ఏడాదికి పైగా ముట్టడి సాగింపవలసివచ్చెను. నేడు నేను చెప్పబోవునది రాజుల చరిత్రము గాదు. టెలివిజను పెట్టె వెనుక వ్రేలాడు తీగె చరిత్రము. అయినను ఆ కోటకును ఈ తీగెకును పోలిక కలదు.

1986లో శ్రీరామనవమి రాత్రికి, ఆత్మకూరునకును ఉదయగిరికిని నడుమనున్న మా పల్లెకు, ఇంటింట చందా వేసికొని, ఒక వీడియో యంత్రమును టెలివిజనును అద్దెకు తెచ్చితిమి. యంత్రము అరుగుమీద, పెట్టె చింతచెట్టు క్రింద. వెంటవచ్చిన తీగె చాలలేదు. ఏ తీగెయైన నేమి యని, నేను దీపములకు వాడు జంటతీగెను కోసి అతుకులు వేసితిని. బొమ్మ మసకబారెను, తెరమీద అడ్డచారలు ప్రాకెను, మాటలకు బదులు తుమ్మెదరొద వినబడెను. పొరుగూరినుండి బండి కట్టుకొని వచ్చిన వృద్ధులు గడియసేపు చూచి లేచిపోయిరి. తప్పు అద్దెకిచ్చినవానిది గాదు, నాది. "గట్టులేని కాలువలో నీరు మడికి చేరునట్రా, అబ్బాయీ?" అని మా పెదనాయన యొక్కమాట మాత్ర మనెను.

ఆ గట్టు నెరిగినవాడు ఆంగ్లేయుడైన ఆలివర్ హెవిసైడ్. ఆయన 1880లోనే ఇట్టి తీగెకు పేటెంటు పొందెను. నడుమ రాగితీగె, దానిపై విద్యుత్తును పారనీయని పొర, ఆపైన లోహపు జాలరి, అన్నిటిపైన తొడుగు. లోపలి సంకేతము మిక్కిలి బలహీనము. వెలుపలి విద్యుత్తు రొద దానిని చేరకుండ జాలరి ప్రాకారమువలె కాచును. దీపపు తీగెకు ఆ ప్రాకారము లేదు.

1977లో హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము వెలసినది. ఆ కాలమున మిద్దెమీది యాంటెన్నాకు 300 ఓముల చదునుతీగెయు, 75 ఓముల గుండ్రనితీగెయు వాడుకలో నుండెను. ఒకదానిని మరియొకదానితో కలుపునపుడు నడుమ చిన్న ట్రాన్స్‌ఫార్మరు కావలెను. లేకున్న సంకేతములో కొంత వెనుకకు మరలును. పిమ్మట మూడురంగుల తీగెలు వచ్చెను: పసుపుపచ్చది బొమ్మకు, తెలుపు ఎడమ ధ్వనికి, ఎరుపు కుడి ధ్వనికి. 2002 డిసెంబరులో వెలువడిన హెచ్.డి.ఎమ్.ఐ. పద్ధతి బొమ్మను ధ్వనిని ఒక్క తీగెలో చేర్చినది.

ఈ క్రొత్తతీగెలో సంకేతము అంకెల రూపమున నడచును. అంకెలు సరిగా చేరిన బొమ్మ పూర్ణముగా వచ్చును. చేరకున్న మిణుకులు తోచును, లేదా తెర నల్లబడును. కావున రెండుమూడు మీటర్ల దూరమునకు, బంగారుపూత చూపి పదిరెట్లు వెల చెప్పిన తీగె బొమ్మకు క్రొత్త అందము తేజాలదు. దూరము హెచ్చినచో మాత్రము మేలైన తీగె కావలెను. డిష్షునకు దట్టమైన జాలరిగల ఆర్.జి. 6 తీగె తగును.

అంగడికి పోవుటకు ముందు దూరమును త్రాటితో కొలువుడు. యంత్రముల వెనుకనున్న రంధ్రములను చూచి గుర్తుంచుకొనుడు. అతుకులు మానుడు. మరుసటి నవమికి నేను కొలిచి గుండ్రనితీగెనే తెచ్చితిని. ఆ రాత్రి కట్టిన బండ్లు తెల్లవారినగాని కదలలేదు.