నిర్వాణం తర్వాత నలభై రోజులు

హిజ్రా సమాజంలో పురుషాంగాన్ని, వృషణాలను తొలగించే కర్మను నిర్వాణం అంటారు. కోత నిమిషాల్లో ముగుస్తుంది. మనిషి బతికి బట్టకట్టడం మాత్రం ఆ తర్వాతి నలభై రోజుల మీద ఆధారపడేది. ఆ నలభై రోజులు ఎవరింట్లో, ఎవరి చేతుల మీదుగా, ఎంత గుట్టుగా గడవాలన్నది దేశంలో నూటయాభై ఏళ్లుగా వైద్యం కంటే చట్టమే ఎక్కువగా నిర్ణయించింది.

పాత పద్ధతిలో కోత పెట్టేది డాక్టరు కాదు, దాయమ్మ. ఆమె కూడా హిజ్రాయే. హైదరాబాద్ హిజ్రాలు బెద్రాజ్ మాత అని పిలుచుకునే బహుచరా మాత పటం ముందు, తెల్లవారకముందే పని కానిచ్చేవారు. మత్తుమందు లేదు, కుట్లు లేవు. రక్తాన్ని కొంతసేపు కారనిచ్చేవారు. దాంతోపాటే మగతనం పోతుందని నమ్మకం. మొదటి ప్రాణగండం ఆ తొలి గంటల్లోనే. ఆ గండం గట్టెక్కితే రెండోది మూత్రనాళం. గాయం మానుతూ అది మూసుకుపోకుండా సన్నటి పుల్ల పెట్టి ఉంచేవారు. మూత్రం సాఫీగా వచ్చిందంటే ఆ మనిషిని చేరదీసిన గురువుకు సగం భయం తీరినట్టే.

అక్కడినుంచి జరిగేదంతా బాలింత వైద్యం: కాచిన నూనె, వేన్నీళ్ల కాపడం, పోయిన రక్తం మళ్లీ పట్టడానికి ఒంటికి వేడిచేసే తిండి, పథ్యం. అద్దం చూసుకోకూడదు, తల దువ్వుకోకూడదు, మగవాళ్ల కంట పడకూడదు. వీటిని మూఢాచారాలని కొట్టిపారేయడం తేలికే. కానీ వాటివల్ల పచ్చిగాయంతో ఉన్న మనిషి నలభై రోజులు గడప దాటకుండా, బరువెత్తకుండా, సంపాదనకు పోకుండా ఉండగలిగేది. ఆ పోషణ భారం గురువుది, తోటి చేలాలది, అంటే శిష్యులది. నలభయ్యో రోజు ముఖం మీది వెంట్రుకలు చిమటా (పట్టకారు)తో పీకి, పసుపు రాసి, తలంటిపోసి, పెళ్లికూతురిలా ముస్తాబు చేసేవారు. రాత్రంతా ఆటపాటలయ్యాక ఊరేగింపుగా చెరువుకో సముద్రానికో తీసుకెళ్లి, నెత్తిన మోసుకొచ్చిన పాలు నీళ్లలో పోయించేవారు.

ఈ ఆచారం మీద వలస ప్రభుత్వం కన్ను పడింది. 1871 నేరజాతుల చట్టం రెండో భాగం పూర్తిగా హిజ్రాలను ఉద్దేశించిందే. పిల్లల్ని ఎత్తుకుపోతారనో, వృషణాలు తీస్తారనో అనుమానం కలిగితే చాలు, పేరు రిజిస్టరుకెక్కుతుంది. అలా ఎక్కినవారు ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే వారంట్ లేకుండా పట్టుకోవచ్చు; రెండేళ్ల దాకా జైలు. వీలునామా రాయడానికి, దత్తత తీసుకోవడానికి వీల్లేదు. గురువు ఆస్తి చేలాకు దక్కే దారి మూసేస్తే, జబ్బుపడినవారిని సాకే ఇల్లు కూడా నిలవదు. చట్టం దెబ్బ అసలు తగిలింది ఇక్కడే.

1911లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన కొత్త నేరజాతుల చట్టంలో ఈ భాగం లేదు. విచిత్రమేమంటే, మరో ఎనిమిదేళ్లకు నిజాం రాజ్యం దాదాపు అవే నిబంధనలతో సొంత చట్టం చేసుకుంది. ఫస్లీ 1329 నాటి, అంటే 1919 నాటి ఆ చట్టంలో వృషణాలు తీసినవారికీ, సాయపడినవారికీ ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. లష్కర్‌వాలా, షహర్‌వాలా అనే రెండు పెద్ద శాఖలుగా ఉన్న హైదరాబాద్ హిజ్రాల ఇళ్లలో గాయం చీము పట్టిందనుకుందాం. ఆసుపత్రికి తీసుకెళ్లడమంటే తమ నేరాన్ని తామే ఒప్పుకోవడం. పిల్లలను కాపాడే పేరుతో వచ్చిన నిబంధన ఇష్టపడి కోతకు సిద్ధమైన పెద్దవాళ్లను కూడా వైద్యానికి దూరం చేసింది.

స్వాతంత్ర్యం వచ్చినా భయం పోలేదు. 2024 దాకా అమల్లో ఉన్న భారతీయ శిక్షాస్మృతి 320వ సెక్షన్ తీవ్రగాయాల జాబితాలో మొదటిది పుంసత్వాన్ని పోగొట్టడమే. అందుకే చాలామంది డాక్టర్లు జంకేవారు. ధైర్యం చేసిన కొద్దిమంది ప్రైవేటు డాక్టర్ల పేర్లు ఊరూరా హిజ్రాల నోట వినపడేవి. తమిళనాడుకు చెందిన ఎ. రేవతి ఆత్మకథలో ఆ కాలం కళ్లకు కడుతుంది. ఆపరేషన్ జరిగింది దిండిగల్‌లో, డాక్టరు చేతి మీద. నలభై రోజుల తంతు మాత్రం జమాత్ (హిజ్రా సమాజం) పద్ధతిలోనే నడిచింది. కత్తి ఆసుపత్రిది, శుశ్రూష గురువు ఇంటిది. ఈ పుస్తకాన్ని పి. సత్యవతి ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేసి 2019 సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం అందుకున్నారు.

2014 ఏప్రిల్ 15న నాల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు, లింగ గుర్తింపు మనిషి స్వయంగా చెప్పుకునేదని, దానికి ఆపరేషన్ షరతు పెట్టకూడదని తేల్చింది. నిజాం నాటి చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరుల పిటిషన్‌పై 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల కోసం వచ్చిన 2019 కేంద్ర చట్టం 15వ సెక్షన్ ఆపరేషన్‌తోపాటు దానికి ముందూ వెనుకా కౌన్సెలింగ్‌ను కూడా ప్రభుత్వ బాధ్యతగా చెప్పింది. అయితే ఈనాటి ఆపరేషన్ తర్వాత కోలుకోవడానికి నలభై రోజులు చాలవు. యోని నిర్మాణం చేయించుకున్నవారు నెలల తరబడి, మొదట్లో రోజుకు చాలాసార్లు, మార్గాన్ని తెరిచి ఉంచే డైలేటర్ వాడాలి. మానేస్తే మార్గం ముడుచుకుపోతుంది. దానికి తలుపేసుకోగల గది, సెలవు, చేతిలో డబ్బు కావాలి. ఇల్లు అద్దెకు దొరకడమే గగనమైన చోట ఇది చిన్న మాట కాదు. స్త్రీగా పుట్టి పురుషుడిగా మారేవారికి జమాత్ లాంటి అండ కూడా లేదు. ఛాతీ ఆపరేషన్ తర్వాత స్నేహితుల గదులే దిక్కు.

ఈ లోటును కొంత పూడ్చింది 2021 జనవరిలో హైదరాబాద్ నారాయణగూడలో మొదలైన మిత్ర్ క్లినిక్. ఆపరేషన్లు అక్కడ చేసేవారు కాదు. హార్మోన్లు, పరీక్షలు, కౌన్సెలింగ్ దాని పనిగా ఉండేవి. సిబ్బందిలో ట్రాన్స్ వ్యక్తులే ఉండడంతో ఒంటి బాధ దాచుకోవలసిన అవసరం ఉండేది కాదు. దానికి నిధులు అమెరికా నుంచి వచ్చేవి. 2025 జనవరి 20న అక్కడి కొత్త అధ్యక్షుడు ఒకేరోజు లింగాలు రెండే అని ఒక ఉత్తర్వు, విదేశీ సాయం ఆపుతూ మరొకటి ఇచ్చారు. కొద్ది వారాల్లో క్లినిక్ మూతపడింది. కొన్ని నెలలకు టాటా ట్రస్టుల సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది.