సేంద్రియ
ఈమధ్య ఒక సైన్సు వ్యాసంలో ‘సేంద్రియ తగరం’ అన్న మాట చూసి ఆగిపోయాను. సేంద్రియ అనగానే మనకు పేడ ఎరువు, పురుగుమందు కొట్టని బియ్యం గుర్తొస్తాయి. ఈ తగరం అలాంటిది కాదు. ఓడల అడుగున నాచు, గుల్లలు పట్టకుండా పూసే రంగులోని ట్రైబ్యుటైల్ టిన్ అనే తగర సమ్మేళనం ఇది; ఫ్రాన్స్‌లోని ఆర్కషోన్ అఖాతంలో ఆల్చిప్పల సాగును దెబ్బతీసింది. 1982లో అక్కడ చిన్న పడవలకు ఆ రంగును నిషేధించారు. మరి దీనికి సేంద్రియ అన్న పేరెందుకు? సేంద్రియ అంటే స + ఇంద్రియ, ఇంద్రియాలతో కూడినది. ఇంద్రియమన్నా మొదట ఇంద్రుడికి చెందినదే, అంటే అతని బలమే. తరవాతే కన్ను, చెవి. సేంద్రియ ద్రవ్యం చేతనమనీ, నిరింద్రియం అచేతనమనీ చరకసంహిత విడదీసింది. ఆర్గానిక్ అన్న మాటకు మనవాళ్లు ఈ సేంద్రియనే తొడిగారు. ఐరోపాలోనూ ఒకప్పుడు ఆర్గానిక్ అంటే ప్రాణుల నుంచి వచ్చినదే. 1828లో రసాయనవేత్త వోలర్ ప్రయోగశాలలో యూరియా తయారుచేశాక ఆ అర్థం సడలుతూ వచ్చి, కర్బనం ఉన్నదన్న అర్థం నిలిచింది. అందుకే ‘కర్బన రసాయనశాస్త్రం’ అన్న మన పాఠ్యపుస్తకాల మాట నాకెంతో ఇష్టం. రసాయనవేత్త వింక్లర్ 1887లో చేసిన టెట్రాఇథైల్ జెర్మేనియం, మన దేశంలో 2000 దాకా పెట్రోల్లో కలిసిన టెట్రాఇథైల్ సీసం, స్టిల్లె చర్యలో పల్లాడియం తోడుతో కర్బనాన్ని కర్బనానికి అతికించే తగర సమ్మేళనాలు, వీటన్నిటికీ ‘కర్బన-లోహ సమ్మేళనాలు’ అన్న పేరు చాలు. జెర్మేనియం అర్ధలోహమైనా ఆ వరసలో ఇముడుతుంది. సేంద్రియను రైతు ఎరువుకే ఉంచాలి.