బైబిల్ అమ్మ చనిపోతే ఏం రాసిపెట్టాలి? కరీంనగర్, ఆదిలాబాద్ దళిత క్రైస్తవ స్త్రీల చరిత్రకు ఒక పరిచయం

కరీంనగర్ పల్లెల్లోనో, మంచిర్యాల, బెల్లంపల్లి బొగ్గు బస్తీల్లోనో సంఘంలో ఒక పెద్దమ్మ చనిపోతే మూడో రోజుకల్లా ఫ్లెక్సీ లేస్తుంది. ‘ప్రభువునందు నిద్రించిన’ అన్న మాట, ఆధార్ కార్డు నుంచి పెద్దది చేసిన ఫొటో, చనిపోయిన తేదీ ఉంటాయి. పుట్టిన తేదీ చాలాసార్లు ఉండదు. కింద కొడుకులు, కోడళ్లు, మనుమల పేర్లు వరుసగా వస్తాయి. ఆమె యాభై ఏళ్లు చేసిన పనికి మిగిలేది ఒక్క మాట: ప్రార్థనాపరురాలు.

ఆదరణ కూడికలో మాట్లాడేవాళ్లు అంతకంటే ఎక్కువే చెప్తారు. ఎవరి కాన్పుకు అర్ధరాత్రి పోయిందో, ఎవరి పిల్లను హాస్టల్లో చేర్పించిందో, తాగొచ్చి కొట్టే మొగుణ్ణి ఎట్లా నిలదీసిందో చెప్పి ఏడుస్తారు. భోజనాలైనాక ఆ మాటలు కూడా షామియానాతోపాటే లేచిపోతాయి. దళిత స్త్రీల చరిత్ర చదివే విద్యార్థులు, రాసే కార్యకర్తలు ఆ కూడికల్లో కూర్చుని రాసుకోవాల్సిన అవసరం ఎందుకుందో ఈ వ్యాసం చెప్తుంది.

బైబిల్ స్త్రీ ఎవరు?

మిషన్ కాగితాల్లో ‘బైబిల్ ఉమన్’ అన్నది ఒక ఉద్యోగం పేరు. వాడల్లో ఆమెను బైబిల్ అమ్మ అనో, అమ్మగారు అనో పిలిచారు. చిన్న జీతం మీద ఊరూరూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించడం, కీర్తనలు నేర్పడం, అక్షరాలు దిద్దించడం, రోగుల్ని మిషన్ ఆస్పత్రికి తీసుకుపోవడం ఆమె పని. చాలామంది విధవలు, లేదంటే ఉపదేశకుల భార్యలు. ఉపదేశకుడికి జీతం ఉండేది. అతని భార్య చేసే పనిని మాత్రం చాలాచోట్ల ఆ జీతంలోనే కలిపి లెక్కేసేవాళ్లు.

నిజాం రాజ్యంలో వెస్లియన్ మెథడిస్టు మిషన్ 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో పని మొదలుపెట్టింది. సికింద్రాబాద్ తర్వాత కరీంనగర్, మెదక్ దానికి ముఖ్య కేంద్రాలయ్యాయి. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో ఈ మెథడిస్టు సంఘాలు కలిశాయి. కరీంనగర్ ప్రత్యేక అధ్యక్ష మండలం అయింది 1978లో. ఆదిలాబాద్ వైపు కేథలిక్కుల సంగతి వేరు. మంచిర్యాల కేంద్రంగా సీరో మలబార్ మేత్రాసనం 1999లో ఏర్పడింది. చర్చి ఏదైనా, వాటిని నింపింది ఎక్కువగా మాల, మాదిగ వాడలే.

మెదక్ చర్చి అనగానే చార్లెస్ వాకర్ పోస్నెట్ పేరు వస్తుంది. 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైన ఆ గుడిని, కరువు రోజుల్లో జనానికి పని, తిండి దొరికేటట్టు కట్టించాడని అందరూ చెప్తారు. రాళ్లు మోసిన ఆడవాళ్ల పేర్లు ఎవరూ చెప్పరు. ఇక్కడ పోస్నెట్‌ను తక్కువ చేయడం లేదు. ఒక పేరు నిలబడటానికి ఉత్తరాలు, నివేదికలు, వాటిని దాచే బీరువాలు కావాలి. అతనికి అవి ఉన్నాయి.

పక్కన ఒంగోలు చరిత్ర చూసినా ఇదే తీరు. ఒంగోలు ప్రార్థనా కొండ కథలో 1854 జనవరి 1 తెల్లవారుజామున కొండెక్కినవాళ్లు ఐదుగురు. మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే తెలుగు విశ్వాసితోపాటు జూలియా, రూతు అనే ఇద్దరు తెలుగు స్త్రీలు. జూయెట్ గురించి పుస్తకాలున్నాయి. జూలియా గురించి కొన్ని పేరాలు, రూతు గురించి దాదాపు పేరు మాత్రమే మిగిలాయి. 1866లో మాదిగ పెద్ద ఎర్రగుంట్ల పేరయ్యతోపాటు భార్య నాగమ్మ కూడా బాప్తిస్మం తీసుకుంది. ఆ తర్వాత వచ్చిన వేలమంది ఉద్యమాన్ని పేరయ్య పేరుతోనే చెప్పుకుంటాం. ఇందులో ఇంకో విశేషం ఉంది. క్రైస్తవుడు కాకముందు పేరయ్య రాజయోగం నేర్చుకున్నది బండికట్ల వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల మీద రాసిన పుస్తకంలో ఈ సంగతి ఉంది. వాడ జనానికి ఆడమనిషిని గురువుగా ఒప్పుకోవడం మిషనరీలు వచ్చి నేర్పిన విద్య కాదన్నమాట.

అదే కాలంలో పండిత రమాబాయి 1922 ఏప్రిల్ 5న చనిపోతే దేశవిదేశాల్లో రాశారు. తర్వాత ఆమె పేరున తపాలా బిళ్ల కూడా వచ్చింది. ఆమెకు ఆ గౌరవం తగినదే. సంస్కృతం చదివిన బ్రాహ్మణ స్త్రీ తన కథ తానే రాసుకోగలిగింది. బైబిల్ అమ్మకు చదవడం వచ్చింది, రాయడానికి మాత్రం ఎవరూ కాగితం ఇవ్వలేదు.

చదువు, పిడికెడు బియ్యం, వాడ

1981 జనగణనలో దేశం మొత్తంమీద షెడ్యూల్డు కులాల స్త్రీలలో అక్షరాస్యత 11 శాతం లోపే. అందులో క్రైస్తవ దళిత స్త్రీలు లెక్కకే రారు, చట్టం దృష్టిలో వాళ్లు ఎస్సీలు కాదు గనుక. అట్లాంటి కాలంలో వాడలో ఒక ఆడమనిషి చేతిలో పుస్తకం ఉండటమంటే మామూలు సంగతి కాదు. ఉత్తరం వస్తే ఆమె దగ్గరికే పోవాలి, దరఖాస్తు రాయాలన్నా ఆమె దగ్గరికే. దొర గడీ ముందు చెప్పులు విప్పి నడిచిన తరం ఆడవాళ్లు గుళ్లో నిలబడి గొంతెత్తి చదివారు.

సంఘాన్ని డబ్బుపరంగా నిలబెట్టింది కూడా వీళ్లే. డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కాలం నుంచి, వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి కుండలో వేసే అలవాటు ఉంది. వారానికి ఆ కుండ గుడికి చేరుతుంది. నాట్లకు, కలుపుకు పోయో, బీడీలు చుట్టో తెచ్చుకున్న గింజల్లోంచి తీసిన పిడికెడు అది. సంఘం జమాఖర్చుల్లో ‘కానుకలు’ అన్న ఒక్క పద్దు కింద అదంతా పోతుంది.

కులం గుడి గుమ్మం దగ్గర ఆగిపోలేదు. మాల, మాదిగ సంఘాలు వేరువేరుగా కూర్చున్న ఊళ్లున్నాయి. పెద్దకులాల ఆడవాళ్లను చేరాలని మిషన్లు ఆశపడ్డప్పుడు, దళిత బైబిల్ స్త్రీ ఆ ఇళ్లముందు వాకిట్లోనే నిలబడి వాక్యం చెప్పాల్సివచ్చింది. ఈ సంగతులు పొగడ్తల కూడికలో రావు. జేమ్స్ తానేటి 2013లో తెలుగు బైబిల్ స్త్రీల మీద ఇంగ్లిషులో రాసిన పుస్తకం కులాన్ని, స్త్రీలను కలిపి చూస్తుంది. మెదక్ పల్లెల మీద పి.వై. లూక్, జాన్ కార్మన్ 1968లో ప్రచురించిన అధ్యయనం, అవే ఊళ్లను కార్మన్, చిలుకూరి వసంతరావు మళ్లీ చూసి 2014లో తెచ్చిన పుస్తకం కూడా విద్యార్థులు తప్పక చదవాలి.

ఇంకొకటి. 1978 అంటే కరీంనగర్ అధ్యక్ష మండలం ఏర్పడిన ఏడాది మాత్రమే కాదు, సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగిన ఏడాది కూడా. ఆ తర్వాత జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. వెట్టి మీద లేచిన కూలీలది, ఆదివారం గుడికి పోయినవాళ్లది చాలాచోట్ల ఒకే వాడ. మన పుస్తకాల్లో మాత్రం ఆ రెండు చరిత్రలు ఒకదాన్నొకటి ఎరగవు. ఆ ఏడాది నాటికి పెద్దమనుషులైన స్త్రీలు ఇప్పుడు ఒక్కొక్కరే పోతున్నారు.

పేరు రాయడంలో ఉన్న చిక్కు

ఇంత ముఖ్యమైతే కుటుంబాలే ఎందుకు రాసిపెట్టవు? దీనికి జవాబు 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో ఉంది. హిందువు కాని వ్యక్తి ఎస్సీ కాదని దాని మూడో పేరా చెప్పింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు వచ్చింది. క్రైస్తవులకు, ముస్లింలకు రాలేదు. ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది. 2022లో కేంద్రం కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. మన దగ్గర క్రైస్తవులైన ఎస్సీలకు బీసీ-సీ కింద 1 శాతం మిగిలింది.

అందుకే చాలా ఇళ్లల్లో రెండు పేర్లు ఉంటాయి. గుళ్లో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి. దీన్ని మోసం అనేవాళ్లు, చర్చికి పోయినందుకు ఏ ఊరి హోటల్లో రెండో గ్లాసు తీసేశారో ముందు చూపించాలి.

భయం ఊరికే లేదు. 2024 నవంబరులో పుదుచ్చేరి యువతి ఒకరు ఎస్సీ సర్టిఫికెట్ కోసం వేసిన కేసులో, ఆమె బాప్తిస్మం, చర్చికి పోయే అలవాటు చూపించి సుప్రీంకోర్టు కాదంది. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా ఉన్న వ్యక్తికి అట్రాసిటీ చట్టం వర్తించదంది. అంటే గుడి రిజిస్టరు కుటుంబానికి వ్యతిరేకంగా సాక్ష్యం కాగలదు. నానమ్మ గొప్ప సంఘ సేవకురాలని కరపత్రం వేస్తే మనుమరాలి సీటు మీదికి వస్తుందేమో అన్న లెక్క ప్రతి ఇంట్లోనూ నడుస్తుంది. రాసేవాళ్లు దీన్ని పిరికితనం అనుకోవద్దు. కుటుంబం ఒప్పుకోకుండా ఇంటిపేరు, కులం, ఊరు కలిపి ఎక్కడా ప్రచురించవద్దు. రాసి దాచడం వేరు, అచ్చువేయడం వేరు.

చనిపోయాక నేల కూడా సమస్యే. మనకు ఆనుకునే ఉన్న బస్తర్‌లో 2025 జనవరి 7న మహరా కులానికి చెందిన ఒక దళిత పాస్టరు చనిపోతే, తన బంధువులను పాతిపెట్టిన ఊళ్లోనే ఆయనను పాతిపెట్టనివ్వలేదు. శవం మార్చురీలో ఉండగా కేసు సుప్రీంకోర్టుకు పోయింది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు వేర్వేరు తీర్పులిచ్చి, చివరికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని క్రైస్తవ శ్మశానానికి పంపారు. తెలంగాణ పల్లెల్లో సమాధుల తోటకు పట్టా, హద్దు, దారి ఉన్నాయా అన్నది రెవెన్యూ రికార్డులో ఇప్పుడే చూసుకోవాల్సిన పని.

ఎక్కడ వెతకాలి

మొదట గుడి బీరువా. బాప్తిస్మపు, వివాహపు, భూస్థాపన రిజిస్టర్లు, స్త్రీల కూటమి మినిట్స్ పుస్తకం. చెదలు పట్టకముందే ఫోన్‌తో ఫొటోలు తీయండి, అయ్యగారి అనుమతితో. మెథడిస్టు మిషన్ పాత ఉత్తరాలు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి. బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలోనూ చర్చి చరిత్ర కాగితాలున్నాయి. వాటిలో ఆమె తరచు ఇంటిపేరు లేని ఒక బాప్తిస్మపు పేరుగానో, ‘మా బైబిల్ స్త్రీ’గానో కనిపిస్తుంది. ఊరి పేరు, ఏడాది పట్టుకుని రిజిస్టరుతో పోల్చి చూస్తేనే ఆమె ఎవరో తేలుతుంది. 2016లో జిల్లాలు మారాయి గనుక పాత కరీంనగర్, ఆదిలాబాద్ తాలూకాల పేర్లతోనే వెతకాలి.

బతికున్నవాళ్లను అడిగేటప్పుడు ‘మీ సాక్ష్యం చెప్పండి’ అంటే అలవాటైన ప్రసంగం వస్తుంది. జీతం ఎంత, ఎవరిచ్చారు, ఏ ఊళ్లకు నడిచి పోయేది, ఏ ఇంట్లో నీళ్లు పోయలేదు, మొదట చదివిన అక్షరం ఎవరు దిద్దించారు అని అడగండి. బాప్తిస్మానికి ముందు అమ్మ పెట్టిన పేరు కూడా అడిగి, అదీ ఇదీ రెండూ రాసుకోండి.